కప్పీ మీద నా బొట్టు

మా ల్యాబ్‌లో ఆయుధపూజ నాడు మైక్రోస్కోపుకు కూడా బొట్టు పెట్టేవాళ్లం. కోత యంత్రానికి, పాలిష్ చక్రాలకు, గట్టిదనం కొలిచే యంత్రానికి పసుపు కుంకుమలు, బంతిపూలు, ఒక్కో నిమ్మకాయ. మర్నాడు కటకాల మీద పడ్డ కుంకుమ తుడవడానికి నాకు అరపూట పట్టేది. గొణుక్కుంటూ తుడిచేదాన్నే గానీ పూజ వద్దని ఏనాడూ అనలేదు. లోహాల పగుళ్లు చూస్తూ బతికే మనిషికి దేవుడి అండ కాస్త ఎక్కువే కావాలి. కుంకుమ సంగతి ముందే ఎందుకెత్తానంటే, నా ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టిన కేసులో అది ఉంది.

నేను పనిచేసింది బాలానగర్ వైపు ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో. విరిగిన వస్తువు ఎందుకు విరిగిందో చెప్పడం మా పని. ఇంజినీర్లలో మేం పోస్టుమార్టం డాక్టర్లమన్నమాట. స్వతహాగా నాది పిరికి గుండె. బస్సెక్కితే బ్రేకు చప్పుడు వింటాను, జాతరకెళ్తే రంగులరాట్నం బోల్టులు చూస్తాను. మా ఆయన నన్ను ‘ఆందోళన శాఖ మంత్రి’ అనేవారు. రిటైరయ్యాక కూడా ఆ శాఖ నా దగ్గరే ఉంది. ఈ మధ్య మెటలర్జీ చదివిన పిల్లలంతా హైటెక్ సిటీలో కోడింగ్‌కే వెళుతున్నారు. వెళ్లండి, తప్పేం లేదు. కాకపోతే మీరు కూర్చునే ఆ అద్దాల మేడలకు బయటి వైపు కూడా కొంత ఇంజినీరింగ్ వేలాడుతూ ఉంటుంది. ఇది దాని గురించి.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒకాయన చంకలో హెల్మెట్, చేతిసంచిలో చుట్టిన ఉక్కు తాడు ముక్కతో మా ల్యాబ్‌కు వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. కుడి అరచేతికి కట్టు. నానక్‌రామ్‌గూడలో ఒక టవర్‌కు బయటి నుంచి అద్దాలు తుడిచే మనిషి. ఆ మేడల పైకప్పు మీద ఒక యంత్రం ఉంటుంది. దాన్నుంచి రెండు పక్కలా ఉక్కు తాళ్లు కప్పీల మీదుగా కిందికి దిగుతాయి. ఆ తాళ్లకు పొడవాటి పెట్టె ఒకటి వేలాడుతుంది. అందులో ఇద్దరు నిలబడి పైకీ కిందికీ వెళుతూ అద్దాలు తుడుస్తారు. వాళ్లు దాన్ని జూలా అంటారు.

“చేతికేమైందయ్యా?” అని అడిగాను.

“ఏం లేదు మేడమ్. తాడు కాడ ఒక తీగ తెగి ముల్లు లెక్క బయటికొచ్చింది. చూస్కోకుండ పట్టుకున్న. గ్లౌజు చీరుకపోయి చెయ్యిల దిగింది. అందుకే ఎడమ దిక్కు తాడు మొత్తం మార్చిన్రు. ఇది గా పాత తాడే. ఎందుకు తెగిందో చూపిచ్చి రమ్మన్నరు.”

“మరి కుడివైపుది?”

“అది మంచిగనే ఉంది మేడమ్. మిలమిల మెరుస్తది. సోమారం మల్ల ఎక్కుతున్నం. ఫారినోళ్లు వస్తున్నరట, అద్దాలల్ల మొకం కనవడాలె అంటున్నరు మా మేనేజర్ సారు.”

తాడు విప్పి చూశాను. సన్నటి తీగలు కొన్ని మెలితిరిగితే ఒక పాయ, అలాంటి పాయలు కొన్ని కలిస్తే తాడు. పాయల మధ్య సందుల్లో ఎర్రటి పొడి ఉంది. అదేమిటని అడిగాను.

“కుంకుమ మేడమ్. దసరాకు పూజ చేసినం గద. మెషీన్ మొత్తం వెండి రంగేసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టినం.”

నా కంటికీ అది కుంకుమలాగే ఉంది. మా పాలిష్ చక్రం సందుల్లో అప్పటికీ అలాంటి ఎరుపే కనిపిస్తోంది. ఆయనకు టీ ఇప్పించాను. నారాయణపేట దగ్గర పల్లె అట. కూతురు బాచుపల్లిలో ఇంటర్ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. “ఆదివారం ఆదివారం పోయి చూసొస్త మేడమ్. నేను జూలా ఎక్కుతనని ఆమెకు తెల్వదు. ఆఫీసుల పని అని చెప్పిన. అబద్ధం గాదు గద, ఆఫీసు అద్దం అవతల నిలవడ్త, అంతే,” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

మా పద్ధతి ఏమిటంటే, తీగ ముక్కను అడ్డంగా కోసి, రెసిన్‌లో పొదిగి, ఎమరీ కాగితం మీద అరగదీసి, అద్దంలా పాలిష్ పట్టి, పలచటి యాసిడ్‌లో ఒక్క క్షణం ముంచి, మైక్రోస్కోపు కింద పెడతాం. యాసిడ్ లోహం లోపలి అల్లికను బయటపెడుతుంది. తాడు తీగలకు వాడే ఉక్కులో ఆ అల్లిక మా గోదావరి పూతరేకులా ఉంటుంది, పొర మీద పొర, మధ్యలో మరో పొర. ఆ పొరల వల్లే తీగకు బలమూ ఉంటుంది, వంగే గుణమూ ఉంటుంది. యాసిడ్ తగిలితే పొరలు నల్లబడి చక్కగా కనిపిస్తాయి.

ఈ తీగలో లోపలంతా అలాగే ఉంది. బయటి అంచున, కప్పీకి ఆనే వైపు మాత్రం సన్నటి తెల్లని పట్టీ ఉంది. అందులో పొరల్లేవు, ఏమీ లేదు.

అదేమిటో నాకు తెలుసు. ఉక్కు మీద ఉక్కు నొక్కుకుంటూ జారితే పైచర్మం ఒక్క క్షణం భగ్గున వేడెక్కుతుంది. ఆ వేడికి పొరలు కరిగి కలిసిపోతాయి. లోపలి లోహం చల్లగానే ఉంటుంది కాబట్టి మరుక్షణమే ఆ వేడిని లాగేసుకుంటుంది. కమ్మరి ఎర్రగా కాల్చిన కత్తిని నీళ్లలో ముంచినట్టే. మిగిలేది మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు చర్మం. యాసిడ్‌కు లొంగదు, అందుకే తెల్లగా కనిపిస్తుంది. తీగ వంగినప్పుడల్లా ఆ పెళుసు చర్మం పగులుతుంది, పగులు లోపలికి దిగుతుంది. బయటికి మాత్రం మిలమిల మెరుస్తుంది. కుడి తాడు మిలమిల మెరుస్తుందని ఆయన అన్న మాట గుర్తొచ్చింది.

తాడు కప్పీ మీద కూర్చుని దానితోపాటు తిరగాలి. జారకూడదు. ఇది ఎక్కడో జారింది. రెండు తాళ్లూ ఒకేసారి వేసినవి, ఒకే యంత్రం, ఒకేలాంటి కప్పీలు. ఎడమది మార్చారు. కుడిది అలాగే ఉంది.

మా టెక్నీషియన్‌ను పిలిచాను. ల్యాబ్‌లో అందరికన్నా చేయి తిరిగినవాడు, నాతో సమంగా సర్వీసున్నవాడు. “తీగ ఎలా కోశావు?” అంటే తల గోక్కున్నాడు.

“మేడమ్, నీళ్ల పంపు ఖరాబైంది. ఉత్తగనే కోసిన.”

కోత చక్రం కూడా రాపిడే కదా. నీళ్లు పోయకుండా కోస్తే అది కూడా ఉక్కును అలాగే కాలుస్తుంది. మేం చూస్తున్న జబ్బు రోగిదో, మా కత్తిదో చెప్పలేం. అంతకు కొన్నేళ్ల ముందు సరిగ్గా ఇలాగే ఒక లిఫ్టు తాడులో తెల్ల అంచు కనిపిస్తే పెద్ద గోల చేశాం. ఓ ఆసుపత్రిలో లిఫ్టులు ఆపించాం, రోగుల్ని మెట్ల మీద మోయించాం. తీరా చూస్తే ఆ తెలుపు మా కోతదే. ఆ తర్వాత చాలాకాలం ఎవరు ఫోన్ చేసినా మా హెడ్‌గారు ముందు గ్లాసు మంచినీళ్లు తాగి తీసేవారు.

ఆయనకు చూపించాను. గుంటూరు మనిషి, నెమ్మదస్తుడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“అమ్మా, తొందరపడకండి. తాడును చూసి పామనుకుంటే ఒకసారి నవ్వారు. రెండోసారి నవ్వరు, తలుపులు మూసుకోమంటారు. మళ్లీ కోసి చూడండి.”

ఆయన అన్నది న్యాయమే. అందుకే నాకు మరీ కంగారు.

శనివారం పొద్దున్నే టెక్నీషియన్, నేను కూర్చున్నాం. కోత యంత్రం జోలికి పోలేదు. అతను చేత్తో రంపం ఆడిస్తుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను, అభిషేకం చేసినట్టు. ఎమరీ కాగితం మీద నేనే అరగదీశాను. వేలికి వేడి తగిలితే ఆపేసి, మళ్లీ మొదలెట్టాను. యాసిడ్‌లో ముంచి మైక్రోస్కోపు కింద పెట్టేటప్పుడు, ఆ తెలుపు పోవాలని నిజంగా మొక్కుకున్నాను. మా చేతకానితనమని తేలితే బాగుండునని ఒక ఉద్యోగి మొక్కుకోవడం మీరెప్పుడైనా విన్నారా?

తెలుపు పోలేదు. కోసిన ముఖమంతా శుభ్రంగా ఉంది, కప్పీకి ఆనే అంచున మాత్రం అది అలాగే ఉంది. దాన్నుంచి లోపలికి దిగిన పగుళ్లు కూడా కనిపించాయి. ఆ పగుళ్లలో ఎర్రటి పొడి ఇరుక్కుని ఉంది. మా కోతలో పుట్టిన పగులైతే అందులోకి పొడి ఎలా వెళుతుంది?

అప్పుడు ఆ పొడి మీద అనుమానం వచ్చింది. మిగిలిన తాడు ముక్కను బీకరులో కిరోసిన్ పోసి కడిగాను. జిడ్డు కరిగి ఎరుపంతా అడుగుకు దిగింది. టేబుల్ సొరుగులోంచి అయస్కాంతం తీసి బీకరు కింద పెట్టి జరిపాను. ఎరుపు దాని వెంటే జరిగింది. కుడికి లాగితే కుడికి, ఎడమకు లాగితే ఎడమకు.

టెక్నీషియన్ వంగి చూసి, “కుంకుమ గిట్ల నడుస్తదా మేడమ్?” అన్నాడు మెల్లగా.

నడవదు. అది ఉక్కు అరిగి రాలిన పొడి, గాలికి తుప్పెక్కి ఎర్రబడింది. దసరా వెళ్లి చలికాలం కూడా అయిపోవచ్చింది. పైకప్పు మీది గాలికి, మధ్యలో పడ్డ వానకు పూజ కుంకుమ ఎప్పుడో కొట్టుకుపోయి ఉండాలి. ఆ ఎరుపు రోజూ కొత్తగా పుడుతోంది. పూజ చేసిన మనుషులు కాబట్టి దాన్ని చూసి దండం పెట్టుకుంటున్నారు.

హెడ్‌గారు మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. “సోమవారం రిపోర్టు పంపుదాం,” అన్నారు.

“సోమవారం పొద్దున్నే ఎక్కుతారు సార్.”

“అయితే ఫోన్ చేసి చెప్పండి. కానీ అమ్మా, కుడి తాడు మనం చూడలేదు. చూడనిదాని మీద ఎంత చెప్పాలో అంతే చెప్పండి.”

టవర్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. కాకినాడ కుర్రవాడని మాటలోనే తెలిసింది, మర్యాదగా మాట్లాడాడు. “తాడు మార్చేశాం కదండీ మేడమ్. కుడిది నేనే స్వయంగా చూశానండి, తళతళలాడుతోంది. ఎరుపా? అది పూజ కుంకుమండీ. సోమవారం విజిటర్స్ వస్తున్నారు, అద్దాలు తుడవకపోతే నా ఉద్యోగం మీదకొస్తుందండి. మీ రిపోర్టు రానివ్వండి, తప్పకుండా యాక్షన్ తీసుకుంటాం.” మళ్లీ చేశాను, మళ్లీ అదే మాట. మూడోసారి ఎత్తలేదు.

ఆదివారం ఎలా గడిచిందో అడగకండి. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. కుడి కప్పీ సవ్యంగా తిరుగుతూ ఉండవచ్చు. అప్పుడు నేను ఆ కుర్రవాడి ఉద్యోగం పోగొట్టి, మా ల్యాబ్ పరువు రెండోసారి బజారున పడేసినదాన్నవుతాను. తిరగకపోతే? ఆ సమయానికి ఆ అద్దాలు తుడిచే ఆయన బాచుపల్లి హాస్టల్ గేటు దగ్గర కూతురికి పండ్ల సంచి ఇస్తూ ఉంటాడు. నా ఆలోచన అక్కడికి వెళ్లి ఆగిపోయేది. సాయంత్రం మా ఆయన, “మంత్రిగారూ, ఇలా ఇంట్లో కూర్చుని వణికే బదులు వెళ్లి చూసి వణకొచ్చుగా,” అన్నారు. ఎగతాళికే అన్నారు, కానీ నేను పట్టుకున్నాను.

సోమవారం తెల్లవారగానే మా ఇంటి దగ్గర, నిజాంపేటలో, ఆటో ఎక్కాను. మధ్యలో దిగి షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ చేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు.

“ఎవరిని కలవాలె మేడమ్? పాస్ ఉందా?”

“పైన జూలా వాళ్లను కలవాలయ్యా.”

“జూలా వాళ్లకు విజిటర్లా?” అని వింతగా చూశాడు. “మేనేజర్ సారు రావాలె. ఆయన తొమ్మిదింటికి వస్తడు. గా బెంచి మీద కూసోండి.”

కూర్చోలేదు. తలెత్తి చూశాను. ఎండ పడి అద్దం కళ్లు చెదిరేలా ఉంది. చేయి అడ్డం పెట్టుకుని చూస్తే మేడ అంచు దాటి, అన్నిటికన్నా పై వరస అద్దాల దగ్గర, జూలా అప్పటికే వేలాడుతోంది. అందులో రెండు పసుపు హెల్మెట్లు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గేటు దగ్గర నేను ఏడ్చాను. నా ఐడీ కార్డు వాడి చేతిలో పెట్టి, “ఆ తాడు తెగుతుందని నాకు భయంగా ఉంది నాయనా. నా మాట తప్పని తేలితే నన్ను పోలీసులకు పట్టివ్వు,” అన్నాను. వాడు కార్డూ చూడలేదు, రిజిస్టరూ తీయలేదు. “నడువుండ్రి,” అని తనే ముందు పరిగెత్తాడు.

పైకప్పు మీద యంత్రం దగ్గర ఆపరేటర్ ఒక్కడే ఉన్నాడు, ముప్పై ఏళ్లవాడు. నేను ఆయాసపడుతూ ఆపమంటే నవ్వాడు.

“ఏంది మేడమ్ గిట్ల పరేషాన్ అయితున్నరు? తాడు మంచిగుంది. చూడుండ్రి, మెరుస్తలేదా?”

“కప్పీ తిరుగుతోందా?”

“తిరగకుంటే తాడెట్ల నడుస్తది మేడమ్? జర సమజ్ చేస్కోండ్రి.”

కుడి కప్పీని చూశాను. వెండి రంగు దట్టంగా, ముద్దలు కట్టి ఉంది. దాని కింద గచ్చు మీద ఎర్రటి పొడి చిన్న కుప్పగా పడి ఉంది. నిన్నో మొన్నో ఎవరో ముగ్గు వేయబోయి మానేసినట్టుంది. మార్టెన్‌సైట్ గురించి అతనికేం చెప్పను? నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి, తాడుతోపాటు తిరగాల్సిన కప్పీ చక్రం పక్క ముఖం మీద, పైభాగాన అంటించాను.

“ఇది తిరిగితే నేను నోరు మూసుకుని వెళ్లిపోతాను. జూలాను పైకి లాగు. మెల్లగా. పైకే, కిందికి వద్దు.”

అతను బటన్ నొక్కాక తట్టింది నాకు, ఈ పరీక్ష ఇద్దరు మనుషుల బరువు మీద జరుగుతోందని. కానీ వాళ్లను పైకి తేవడానికి వేరే దారి లేదు. తాడు కదిలింది. సన్నగా, పళ్లు కొరికినట్టు చప్పుడు. కప్పీ మీద నా బొట్టు పెట్టినచోటే ఉంది. తాడు దాని పక్కనుంచి బారలు బారలుగా జారుతూనే ఉంది, ఎర్రటి పొడి సన్నగా రాలుతూనే ఉంది. బొట్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఆపరేటర్ నవ్వు ఆగిపోయింది. “అమ్మో,” అన్నాడు. వేలు మాత్రం బటన్ మీంచి తీయలేదు. తీసి ఉంటే నేనేమయ్యేదాన్నో. ఆ కొద్ది ఎత్తు రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను తాడునే చూస్తున్నాను, ఊపిరి తీసుకుంటే తెగుతుందేమోనన్నట్టు. ముందు పసుపు హెల్మెట్లు కనిపించాయి. తర్వాత పిట్టగోడ పట్టుకున్న కట్టు చేయి. ఇద్దరూ గోడ దాటి గచ్చు మీద కాలు పెట్టాక నేను అక్కడే చతికిలబడ్డాను.

“ఏమైంది మేడమ్? మీరిక్కడికొచ్చిన్రేంది?” అన్నాడాయన. నేను కప్పీ వైపు చూపించాను. ఆయన దగ్గరికి వెళ్లి బొట్టును చూశాడు, తాడును చూశాడు, కింద పడ్డ ఎరుపును వేలితో అద్దుకుని చూశాడు. అలవాటు కొద్దీ ఆ వేలు నుదుటి దాకా వెళ్లి ఆగిపోయింది.

తర్వాత తేలిందంతా చిన్న సంగతి. దసరాకు యంత్రానికి భక్తిగా రెండు పూతల వెండి రంగు వేశారు. కప్పీ ఇరుసులోకి గ్రీజు ఎక్కించే బొడిపె ఆ రంగు కింద మూసుకుపోయింది. లోపల గ్రీజు ఎండి, ఇరుసు బిగుసుకుపోయింది. ఎడమదీ అంతే. కొత్త తాడు కింద అప్పుడే ఎరుపు పడటం మొదలైంది. దించిన కుడి తాడును ల్యాబ్‌కు తెచ్చి పాయలు విప్పాం. బయటి నుంచి ఒక్క తీగ తెగినట్టు లేదు. లోపల మాత్రం చాలా తీగలు తెగి ఉన్నాయి. బాగున్నట్టు కనిపించిన తీగలో ఒకదాన్ని టెక్నీషియన్ రెండు వేళ్లతో వంచితే జంతికలా విరిగింది. మేనేజర్ కుర్రవాడు పక్కనే నిలబడి చూశాడు. “అదే తాడండీ నేను తళతళలాడుతోందన్నది,” అని ఒక్క మాట అని, ఆ ముక్కను అడిగి తీసుకెళ్లాడు.

మా హెడ్‌గారు నన్ను మందలిస్తారనుకున్నాను. ఇన్‌స్పెక్షన్ మా పని కాదు, అనుమతి లేకుండా వెళ్లాను. ఆయన విరిగిన తీగను అటూ ఇటూ తిప్పి చూసి, “ఈసారి పామేనమ్మా,” అన్నారు. గ్లాసులో నీళ్లు ఆయన తాగలేదు, నా వైపు జరిపారు.

దీనికి ధైర్యం అని పేరు పెట్టకండి. అది భయమే. ఇంట్లో కూర్చుని పడలేక అక్కడికి వెళ్లి పడ్డాను. ఈ వృత్తిలో మీకు కూడా భయం వేస్తుంది. ముందు మీ రంపాన్ని అనుమానించండి, నీళ్లు పోసి మళ్లీ కోయండి. అప్పటికీ ఆ తెలుపు పోకపోతే ఆటో ఎక్కండి.

ఇప్పుడు ప్రతి దసరాకు నాకు ఫోన్‌లో ఒక వీడియో వస్తుంది. రంగు వేయని కప్పీ, దాని మీద ఎర్రటి కుంకుమ బొట్టు. పూజ అయ్యాక ఒక చేయి దాన్ని తిప్పుతుంది, అరచేతిలో పాత మచ్చ ఉన్న చేయి. “తిరుగుతుంది, చూడుండ్రి మేడమ్,” అని ఆయన గొంతు. నిరుడు పక్కన ఒక ఆడపిల్ల గొంతు కూడా వినిపించింది, “నాన్నా, నేను తిప్పుతా,” అని. ఆఫీసు పని ఏమిటో ఇంట్లో చెప్పేసినట్టున్నాడు. బొట్టు కిందికి వెళ్లి మళ్లీ పైకి వస్తుంది. అక్కడితో వీడియో అయిపోతుంది. నా సంగతి తెలుసుగా, నాకు ఒక్కసారి సరిపోదు. మళ్లీ మొదటి నుంచి పెట్టి, బొట్టు రెండోసారి కూడా పైకి వచ్చాక ఫోన్ పక్కన పెడతాను.